బీఈడీ, డీఎల్ఎడ్ చదువుకు ఫీజు రీయింబర్స్‌మెంట్: సీటు ఎంపిక నుంచి డబ్బు పడేదాకా

బీఈడీ అడ్మిషన్ల సీజన్‌లో కాలేజీల తరఫున ఫోన్ చేసేవాళ్ల నోట మొదట వచ్చే మాట, "స్కాలర్‌షిప్ వస్తుంది, మీరు రూపాయి కట్టక్కర్లేదు" అని. కొందరి విషయంలో అది నిజమే. చాలామంది విషయంలో సగం నిజం. రీయింబర్స్‌మెంట్ వస్తుందా రాదా అన్నది ఆన్‌లైన్ ఫారం నింపేటప్పుడు తేలే సంగతి కాదు. ఏ కోటాలో సీటు తీసుకున్నారు, అంతకు ముందు ఏం చదివారు, ఆదాయ సర్టిఫికెట్ ఎవరి ఆదాయంతో తీశారు అన్న దగ్గరే తేలిపోతుంది. ఫారం నింపడం అరగంట పని. అందుకే ఇక్కడ ఫారానికి ముందున్న సంగతులకే ఎక్కువ చోటిచ్చాం.

ముందుగా రెండు పొట్టి పేర్లు తెలుసుకోవాలి. ఆర్టీఎఫ్ అంటే ట్యూషన్ ఫీజు తిరిగి చెల్లింపు. ఎంటీఎఫ్ అంటే భోజనం, వసతి ఖర్చులకిచ్చే మొత్తం. రెండూ కలిపితే పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్. తెలంగాణలో దీనికి దారి ఈపాస్ వెబ్‌సైట్, ఆంధ్రప్రదేశ్‌లో జ్ఞానభూమి. ఆంధ్రలో కొన్నేళ్లు విద్యా దీవెన, వసతి దీవెన అని పిలిచింది కూడా ఇవే రెండింటిని. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ పాత పేర్లే వచ్చాయి.

సీటు దగ్గరే సగం తేలిపోతుంది

బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ రాసి, వెబ్ కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టుకుని, ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా నింపే కన్వీనర్ కోటాలో తెచ్చుకున్న బీఈడీ సీటుకే ఆర్టీఎఫ్ వర్తిస్తుంది. ఇంటర్ తర్వాత చేసే టీచరు శిక్షణ కోర్సు డీఎల్ఎడ్‌కు దాని ప్రవేశ పరీక్ష డీసెట్ ద్వారా వచ్చిన సీటుదీ అదే లెక్క. మేనేజ్‌మెంట్ కోటాకు రాదు. స్పాట్ అడ్మిషన్‌కు రాదు. దూరవిద్యకూ రాదు.

ఎక్కువమంది దెబ్బతినేది స్పాట్ దగ్గరే. కౌన్సెలింగ్ విడతలు ముగిశాక మిగిలిన సీట్లను కాలేజీలు స్పాట్‌లో నింపుకుంటాయి. ఎడ్‌సెట్ ర్యాంకు ఉంది, కన్వీనర్ సీటే కదా అనుకుని చేరతారు. కానీ అలాట్‌మెంట్ ఆర్డర్ కన్వీనర్ పేరిట రాదు. ర్యాంకు ఉండడం వేరు, ఆ ర్యాంకుతో కౌన్సెలింగ్‌లో సీటు రావడం వేరు. తొలి విడతలో దూరపు కాలేజీ వచ్చిందని వదిలేసి, స్పాట్‌లో ఊరి పక్క కాలేజీ పట్టుకుంటే మొత్తం ఫీజు చేతి నుంచే కట్టాలి. ఆప్షన్లు పెట్టేటప్పుడు నాలుగైదు కాలేజీలతో ఆపేయకుండా, వెళ్లగలిగినవన్నీ వరుసలో పెట్టడమే దీనికి విరుగుడు.

వరుసలో ముందు ఉండాల్సినవి ప్రభుత్వ కాలేజీలు. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని ఐఏఎస్ఈ (ప్రభుత్వ ఉపాధ్యాయ విద్యా సంస్థ), రాజమహేంద్రవరంలోని ఐఏఎస్ఈ, విశ్వవిద్యాలయాల సొంత విద్యా కళాశాలలు, ప్రభుత్వ బీఈడీ కాలేజీలు, డీఎల్ఎడ్‌కైతే జిల్లా డైట్‌లు (ప్రభుత్వ టీచరు శిక్షణ సంస్థలు). వీటిలో ఫీజు ప్రైవేటుతో పోలిస్తే చాలా తక్కువ. రీయింబర్స్‌మెంట్ ఏడాది ఆలస్యమైనా అక్కడ చదువు ఆగదు. మా దృష్టిలో ఏ స్కాలర్‌షిప్ కన్నా పెద్ద సాయం అదే.

సర్టిఫికెట్ల పరిశీలన సమయంలోనే కుల, ఆదాయ ధ్రువపత్రాలు అప్‌లోడ్ చేయమంటారు. "ఆదాయం తర్వాత ఇస్తాలే" అని వదిలేయొద్దు. ఫీజు మినహాయింపుకు అర్హులా కాదా అన్నది ఆ కాగితాలను బట్టే కౌన్సెలింగ్ రికార్డులో నమోదవుతుంది. అలాట్‌మెంట్ ఆర్డర్ చేతికి రాగానే అందులో కేటగిరీ, ఫీజు వివరాలు చదివి, రెండు ప్రింట్లు తీసి దాచుకోండి.

ఏ చదువు తర్వాత ఏ చదువు

పోస్ట్‌మెట్రిక్ నిబంధనల్లో ఒక సూత్రం ఉంది. ఒక స్థాయి చదువు పూర్తి చేసినవారు మళ్లీ అదే స్థాయిలో వేరే కోర్సులో చేరితే సాయం ఉండదు. బీఏ తర్వాత బీకాం అలాంటిది. అలాగే ఒక వృత్తి కోర్సు పూర్తి చేసి మరో వృత్తి కోర్సులో చేరినా ఉండదు. కేంద్ర మార్గదర్శకాల్లో దీనికిచ్చిన ఉదాహరణే బీఈడీ తర్వాత ఎల్ఎల్‌బీ. సాధారణ బీఏ, బీఎస్సీ, బీకాం తర్వాత బీఈడీకి ఈ అడ్డు లేదు. ఇప్పటికే ఎల్ఎల్‌బీ, ఎంబీఏ వంటివి స్కాలర్‌షిప్‌తో పూర్తి చేసి బీఈడీకి వస్తున్నవారు మాత్రం చేరకముందే జిల్లా సంక్షేమ శాఖ కార్యాలయంలో అడిగి తేల్చుకోవాలి. డిగ్రీ అయిపోయాక ఇంటర్ అర్హతతో ఉండే డీఎల్ఎడ్‌లో చేరేవారూ అంతే.

ఇంకో చిక్కు తరచూ వస్తుంటుంది. ఎడ్‌సెట్ కౌన్సెలింగ్ ఆలస్యమవుతుందని ముందు ఎమ్మెస్సీలోనో ఎంఏలోనో చేరతారు. అక్కడ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు కూడా పెట్టేస్తారు. తర్వాత బీఈడీ సీటు వస్తుంది. ఒకే విద్యా సంవత్సరంలో రెండు కోర్సులకు సాయం ఇవ్వరు కాబట్టి పాత దరఖాస్తు సజీవంగా ఉన్నంతకాలం కొత్తది ముందుకు కదలదు. పాత కాలేజీలో టీసీ తీసుకున్న రోజే, స్కాలర్‌షిప్ లాగిన్‌లో మీ పేరును రద్దు చేయించుకోండి. ఆ పని చేయాల్సింది కాలేజీ క్లర్కు. టీసీ చేతికొచ్చాక మళ్లీ ఆయన వెంట పడి చేయించుకోవడం కష్టం.

సాయం సంగతి అటుంచి, ఏ కోర్సుకు ఏ ఉద్యోగమో కూడా ఇక్కడే చూసుకోవాలి. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ప్రాథమిక తరగతుల టీచరు పోస్టుకు బీఈడీ అర్హత కాదు. ఎస్జీటీ (ప్రాథమిక తరగతుల టీచరు) లక్ష్యమైతే డీఎల్ఎడ్, స్కూల్ అసిస్టెంట్ (హైస్కూలు టీచరు) లక్ష్యమైతే బీఈడీ. ఫీజు వెనక్కి వస్తుంది కదా అని అక్కర్లేని కోర్సులో రెండేళ్లు పోగొట్టుకుంటే, పైన చెప్పిన నిబంధనల వల్ల రెండో కోర్సుకు సాయం దొరకడమూ కష్టమవుతుంది.

ఆదాయం: ఎవరిది లెక్కిస్తారు

తెలంగాణ ఈపాస్ నిబంధనల్లో ఏడాది ఆదాయ పరిమితి ఎస్సీ, ఎస్టీలకు 2 లక్షలు. బీసీ, ఈబీసీ (ఆర్థికంగా వెనుకబడిన ఇతర కులాలవారు), దివ్యాంగ విద్యార్థులకు గ్రామాల్లో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు. కేంద్రం 2021లో సవరించిన ఎస్సీ పోస్ట్‌మెట్రిక్ పథకంలో మాత్రం పరిమితి 2.5 లక్షలు. కాబట్టి దరఖాస్తు చేసే ఏడాది మీ కేటగిరీకి ఏ అంకె పెట్టారో ఈపాస్ తొలి పేజీలో చూసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పెట్టిన నిబంధనల ప్రకారం పరిమితి 2.5 లక్షలు. దానితో పాటు భూమి మాగాణి 10 ఎకరాల లోపు, మెట్ట అయితే 25 ఎకరాల లోపు ఉండాలి. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి గానీ పెన్షనర్ గానీ ఉండకూడదు, పారిశుద్ధ్య కార్మికులకు మినహాయింపు. ఆదాయపు పన్ను కట్టేవారు ఉండకూడదు. సొంత కారు ఉండకూడదు, ట్యాక్సీ, ఆటో, ట్రాక్టర్లకు పట్టింపు లేదు.

అగ్రవర్ణ పేదలు పొరబడే చోటు ఒకటుంది. ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా బలహీన వర్గాల) సర్టిఫికెట్ పరిమితి 8 లక్షలు. అది సీటు రిజర్వేషన్‌కు మాత్రమే. ఈడబ్ల్యూఎస్ కోటాలో సీటు వచ్చినంత మాత్రాన ఫీజు వెనక్కి రాదు. ఫీజుకు చూసేది ఈబీసీ ఆదాయ పరిమితి. దానికి ఆదాయ ధ్రువపత్రం విడిగా తీయాలి. ఈబీసీలకు వయసు పరిమితి కూడా ఎస్సీ, ఎస్టీ, బీసీల కన్నా తక్కువ. డిగ్రీ అయ్యాక కొన్నేళ్లు ఆగి బీఈడీలో చేరేవారు అది ముందే చూసుకోవాలి.

పెళ్లయిన అమ్మాయిల విషయం విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే బీఈడీ తరగతుల్లో వాళ్లు చాలామంది ఉంటారు, తిరస్కరణలూ వాళ్లకే ఎక్కువ. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం ఉద్యోగం లేని వివాహిత విద్యార్థినికి లెక్కించేది భర్త ఆదాయం. కులం మాత్రం పుట్టింటిదే, తండ్రి కులమే. అంటే ఆదాయ ధ్రువపత్రం అత్తగారి మండలం నుంచి, కుల ధ్రువపత్రం తండ్రి వివరాలతో ఉండాలి. చాలామంది పుట్టింటి పాత రేషన్ కార్డు పట్టుకుని తండ్రి ఆదాయంతో సర్టిఫికెట్ తీస్తారు. ఆధార్‌లో చిరునామా అత్తవారి ఊరిది, సంరక్షకుడిగా భర్త పేరు. పరిశీలన అధికారి ఈ రెండూ పక్కపక్కన చూడగానే దరఖాస్తు వెనక్కి పోతుంది. ఆంధ్రలో ఇంకో మెలిక. సచివాలయం కుటుంబ డేటాలో మీరు ఇంకా పుట్టింటి కార్డులోనే ఉంటే తండ్రి భూమి, అన్నయ్య ఉద్యోగం అన్నీ మీ ఖాతాలోకే వస్తాయి. అందుకని కౌన్సెలింగ్‌కు రెండు మూడు నెలల ముందే పెళ్లి సర్టిఫికెట్‌తో కార్డు విభజన, కుటుంబ మ్యాపింగ్ చేయించుకోవాలి. దరఖాస్తులు తెరిచాక ఆ పని మొదలుపెడితే గడువు లోపల తెమలదు.

పేరు, పుట్టిన తేదీ

ఈపాస్ ఫారంలో మొదట అడిగేది పదో తరగతి హాల్‌టికెట్ నంబరు, పాసైన సంవత్సరం, పుట్టిన తేదీ. వాటితో పదో తరగతి రికార్డును తెచ్చి ఆధార్‌తో పోలుస్తుంది. అక్కడే పేచీ.

పదో తరగతి మెమోలో "బోయ లక్ష్మీదేవి", ఆధార్‌లో "బి లక్ష్మి దేవి". మనిషికి ఇది తేడాగా కనిపించదు, కంప్యూటరుకు కనిపిస్తుంది. పెళ్లి తర్వాత ఆధార్‌లో ఇంటిపేరు మార్చుకున్నవారికి తేడా ఇంకా పెద్దది. ఏది మార్చాలి అన్న సందేహం అక్కర్లేదు. మెమో మార్చడం నెలల వ్యవహారం, ఆధార్ మార్చడం రోజుల పని. మెమోలో ఎలా ఉందో అక్షరం అక్షరం అలాగే, ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తో సహా, ఆధార్‌లో పెట్టించండి. ఆధారంగా పదో తరగతి మెమో ఒరిజినల్ పట్టుకెళ్లండి. ఆధార్‌లో పేరు మార్పుకు రెండుసార్లే అవకాశం, పుట్టిన తేదీకి ఒక్కసారే. కాబట్టి సెంటర్ వాళ్లు స్క్రీన్‌పై చూపించినప్పుడు ఖాళీలు, చుక్కలతో సహా చదివాకే సరే అనండి. అదే రోజు మొబైల్ నంబరు కూడా లింక్ అయి ఉందో లేదో చూసుకోండి. ఓటీపీలన్నీ దానికే వస్తాయి.

ఆధార్ మారాక బ్యాంకులో కేవైసీ కూడా మార్చాలి. ఇది మర్చిపోయి బిల్లు పాసయ్యాక డబ్బు ఆగిపోయినవారు ఉన్నారు.

ఫైలులో ఉండాల్సినవి

పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మెమోలు. డిగ్రీ టీసీ నకలు. ఏడేళ్ల స్టడీ సర్టిఫికెట్లు. మీసేవ ద్వారా తీసిన కుల, ఆదాయ ధ్రువపత్రాలు. ఎడ్‌సెట్ లేదా డీసెట్ ర్యాంకు కార్డు, అలాట్‌మెంట్ ఆర్డర్. ఆధార్, రేషన్ కార్డు. బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ. కాలేజీ బోనఫైడ్. డిగ్రీలో స్కాలర్‌షిప్ తీసుకున్నవారు ఆ పాత దరఖాస్తు నంబరు కూడా రాసుకోవాలి, కొత్త దరఖాస్తులో అడుగుతుంది. డిగ్రీకి, బీఈడీకి మధ్య ఖాళీ సంవత్సరాలుంటే గ్యాప్ గురించి అడుగుతారు. మధ్యలో ఏం చేశారో ఒక కాగితం సిద్ధంగా ఉంచుకోండి.

మీసేవ ధ్రువపత్రాలు నంబరు కొడితే ఆన్‌లైన్‌లో కనిపించాలి. చేతిరాత పాత సర్టిఫికెట్లు పనికిరావు. ఆదాయ ధ్రువపత్రం ఆ విద్యా సంవత్సరానికి తాజాగా తీసినదై ఉండాలి. నిరుటిది పెట్టి గడువు దాటాక తెలుసుకోవడం ఏటా జరిగే తంతే.

తెలంగాణలో దరఖాస్తు నడక

ఈపాస్‌లో మొదటి ఏడాది "ఫ్రెష్", రెండో ఏడాది "రెన్యువల్". వివరాలు నింపాక దరఖాస్తు నంబరు వస్తుంది. దాన్ని ఫోన్‌లో ఒకచోట, కాగితం మీద ఒకచోట రాసుకోండి. కోర్సు పేరు ఎంచుకునేటప్పుడు జాగ్రత్త. బీఈడీ, స్పెషల్ బీఈడీ, ఇంటిగ్రేటెడ్ కోర్సులు జాబితాలో దగ్గరదగ్గరగా ఉంటాయి. తప్పు కోర్సు ఎంచుకుంటే ఫీజు మొత్తమే తప్పు పడుతుంది. కాలేజీ లాగిన్‌లో సరిచేయించే దాకా ఫైలు అక్కడే ఉండిపోతుంది.

తర్వాత కాలేజీ తన లాగిన్‌లో మీ వివరాలు సరిచూసి పంపాలి. ఆపైన మీసేవకు వెళ్లి వేలిముద్ర వేయాలి. వేలిముద్ర వేశాక వచ్చే రశీదుతో, దరఖాస్తు ప్రింటు, నకళ్లు కలిపి కాలేజీలో ఇవ్వాలి. ఇచ్చినట్టు సంతకం, తేదీ తీసుకోండి. అక్కడి నుంచి సంక్షేమ శాఖ పరిశీలన అధికారి దగ్గరికి, ఆయన నుంచి జిల్లా అధికారికి, మంజూరయ్యాక బిల్లు రూపంలో ట్రెజరీకి వెళ్తుంది. కులాన్ని బట్టి శాఖలు వేరు. ఎస్సీలకు సాంఘిక సంక్షేమ శాఖ, ఎస్టీలకు గిరిజన సంక్షేమ శాఖ, బీసీ, ఈబీసీలకు బీసీ సంక్షేమ శాఖ, మైనారిటీలకు మైనారిటీ సంక్షేమ శాఖ. ఆగిన ఫైలు కోసం వేరే శాఖ గుమ్మం ముందు రోజంతా నిలబడేవారిని చూస్తుంటాం కాబట్టి చెబుతున్నాం.

వేలిముద్ర దశే చాలామంది మర్చిపోయేది. ఆన్‌లైన్‌లో నింపేశాం, అయిపోయింది అనుకుంటారు. ముద్రలు అరిగిపోయి మెషీన్ తీసుకోకపోతే ఆధార్ కేంద్రంలో బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించుకుని మళ్లీ వెళ్లాలి. గడువు చివరి వారంలో మీసేవలో సర్వర్ నత్తనడక నడుస్తుంది. దరఖాస్తులు తెరిచిన మొదటి నెలలోనే ఈ పని ముగించుకున్నవారే తెలివైనవారు.

ఆంధ్రప్రదేశ్‌లో

ఇక్కడ కథ కాలేజీ నుంచి మొదలవుతుంది. కాలేజీ మిమ్మల్ని జ్ఞానభూమిలో నమోదు చేయాలి, మీ లాగిన్‌లో వివరాలు సరిచూసుకుని దరఖాస్తు పంపాలి. తర్వాత గ్రామ, వార్డు సచివాలయంలోని సంక్షేమ, విద్యా సహాయకుడి దగ్గర ధ్రువీకరణ, ఈకేవైసీ. భూమి, కారు, పన్ను, ఉద్యోగం లాంటి వడపోత అంతా కంప్యూటరే చేస్తుంది. అనర్హత అని చూపిస్తే ఏ కారణంతో చూపించిందో అడగండి. తాతగారు ఏనాడో అమ్మేసిన పొలం ఇంకా మీ నాన్నగారి ఖాతాలో కనిపించడం, అమ్మేసిన కారు ఆర్సీ మారకపోవడం సాధారణం. మొదటిది రెవెన్యూలో, రెండోది రవాణా శాఖలో సరిచేయించాలి. సచివాలయంలో అర్జీ పెట్టినంత మాత్రాన మారదు. మూల రికార్డు మారాక, ఆ రుజువుతో మళ్లీ అర్జీ పెడితేనే పని జరుగుతుంది.

డబ్బు ఎవరి ఖాతాకు వెళ్లాలన్నది ఆంధ్రలో మారుతూ వచ్చింది. విద్యా దీవెన రోజుల్లో తల్లి ఖాతాకు వేసేవారు, 2024 తర్వాత ఫీజు మొత్తాన్ని కాలేజీలకే చెల్లించాలని నిర్ణయించారు. పాత బకాయిలు, కొత్త చెల్లింపులు కలగాపులగమయ్యే కాలంలో తల్లి ఖాతానూ మీ ఖాతానూ రెండింటినీ వాడుకలో ఉంచండి.

హాజరు

పోస్ట్‌మెట్రిక్‌కు కావాల్సింది 75 శాతం. కానీ ఉపాధ్యాయ విద్యలో అది చాలదు. ఉపాధ్యాయ విద్యను నియంత్రించే ఎన్‌సీటీఈ 2014 నిబంధనల ప్రకారం తరగతులకూ ప్రాక్టికల్స్‌కూ 80 శాతం, స్కూల్ ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం ఉండాలి. రెండేళ్లలో కనీసం 20 వారాలు బడిలో గడపాలి. ఎక్కువ భాగం, 16 వారాలు, రెండో ఏడాదిలోనే వస్తుంది. ఆ వారాల్లో మీరు కాలేజీలో ఉండరు. హాజరు బడి రిజిస్టరులో పడుతుంది. ఆ కాగితం కాలేజీకి చేరకపోతే కాలేజీ రికార్డులో మీరు గైర్హాజరే. ప్రధానోపాధ్యాయుడి సంతకంతో నెలనెలా హాజరు పత్రం తీసుకుని కాలేజీలో ఇచ్చి, నకలు దగ్గర ఉంచుకోండి.

"క్లాసులకు రానక్కర్లేదు, పరీక్షకు వస్తే చాలు" అనే కాలేజీల సంగతి. ఫీజు రీయింబర్స్‌మెంట్ కావాలనుకునేవారు వాటి జోలికి పోకపోవడమే మంచిది. తనిఖీ వస్తే చిక్కుల్లో పడేది విద్యార్థి దరఖాస్తే. పైగా పాఠ్య ప్రణాళిక రాయడం, బోర్డు వాడకం, నలభై మంది పిల్లల్ని కుదురుగా కూర్చోబెట్టడం ఇంట్లో కూర్చుంటే రావు.

ఖాతా

బ్యాంకులో ఆధార్ ఇచ్చాం కదా అంటారు. అది కేవైసీ. ప్రభుత్వ డబ్బు ఆధార్ ద్వారా రావాలంటే ఎన్‌పీసీఐ (జాతీయ చెల్లింపుల సంస్థ) మ్యాపర్ అనే జాబితాలో మీ ఆధార్ నంబరు ఎదురుగా ఆ బ్యాంకు పేరు ఉండాలి. రెండూ వేరు. మూడు బ్యాంకుల్లో ఖాతాలున్నా మ్యాపర్‌లో ఉండేది ఒక్కటే, చివరగా సీడింగ్ (ఆధార్‌తో జత) అయినదే. ఫోన్ పేమెంట్ యాప్ కోసం కొత్తగా తెరిచిన ఖాతా తెలియకుండానే ఆ స్థానంలోకి వచ్చేస్తుంది. డబ్బు అక్కడ పడుతుంది, మీరు పాత పాస్‌బుక్ చూసుకుంటూ రాలేదని బాధపడతారు. ఆధార్ సంస్థ ఉడాయ్ నడిపే మైఆధార్ వెబ్‌సైట్‌లో "బ్యాంక్ సీడింగ్ స్టేటస్" అనే చోట ఓటీపీతో లాగిన్ అయితే ఏ బ్యాంకో కనిపిస్తుంది. ఏమీ లేదని వస్తే బ్రాంచికి వెళ్లి డీబీటీ (ఖాతాకు నేరుగా నగదు) సీడింగ్ ఫారం ఇవ్వండి. కనీస నిల్వ లేక లేదా ఏళ్ల తరబడి లావాదేవీ లేక స్తంభించిన ఖాతాలో చిన్న మొత్తం వేసి, తీసి, వాడుకలోకి తెచ్చుకోండి.

ఎస్సీ విద్యార్థుల పథకంలో కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరిస్తాయి. కేంద్ర వాటా నేరుగా విద్యార్థి ఖాతాకే వస్తుంది. అందులో ఫీజు భాగం ఉంటే అది కాలేజీకి కట్టాల్సిన డబ్బే. ఖర్చు పెట్టేస్తే సర్టిఫికెట్ల సమయంలో ఇబ్బంది పడతారు. కట్టినప్పుడు తప్పకుండా రశీదు తీసుకోండి.

సంక్షేమ హాస్టల్‌లో ఉండేవారికి ఎంటీఎఫ్ చేతికి రాదు, ఆ మొత్తం హాస్టల్ ఖర్చుకే పోతుంది. ఇది అన్యాయమేమీ కాదు, లెక్క అంతే.

ఆలస్యమైతే

డబ్బు సమయానికి విడుదల కాదు. ఇది రెండు రాష్ట్రాల్లోనూ జగమెరిగిన సత్యం. మంజూరైంది, బిల్లు ట్రెజరీలో ఉంది, కానీ నెలలు గడుస్తాయి. కాలేజీ మాత్రం "మీరే కట్టండి, ప్రభుత్వం ఇస్తే తిరిగిస్తాం" అంటుంది. కట్టక తప్పకపోతే రశీదు మీద "ఆర్టీఎఫ్ రావాల్సి ఉంది, వచ్చాక తిరిగి చెల్లించబడును" అని రాయించుకుని ముద్ర వేయించుకోండి. ఆ ఒక్క వాక్యం లేకపోతే తర్వాత అడగడానికి ఆధారం ఉండదు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టి ఉంచుకోవడం 2018 అక్టోబరులో యూజీసీ ఇచ్చిన నోటిఫికేషన్‌కు విరుద్ధం. చేరేటప్పుడు ఒరిజినల్స్ చూపించి, నకళ్ల మీద సంతకం పెట్టి ఇచ్చేసి, ఒరిజినల్స్ వెంట తెచ్చుకోవాలి. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే, నోటిఫికేషన్ ప్రస్తావిస్తూ ప్రిన్సిపల్‌కు రాతపూర్వకంగా అడిగి, నకలు విశ్వవిద్యాలయం రిజిస్ట్రార్‌కు పంపండి. నోటితో అడిగిన వందసార్ల కన్నా రాసిచ్చిన ఒక్క అర్జీ బాగా పనిచేస్తుంది.

ఫైలు ఎక్కడ ఆగిందో ఎవరూ చెప్పకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. జిల్లా సంక్షేమ అధికారి కార్యాలయానికి 10 రూపాయల రుసుముతో. ప్రశ్నలు చిన్నవిగా ఉండాలి: నా దరఖాస్తు నంబరు ఇది, ఎంత మంజూరైంది, బిల్లు ఏ తేదీన పంపారు, టోకెన్ నంబరు ఎంత, ఎవరి ఖాతాకు జమ అవుతుంది. 30 రోజుల్లో జవాబివ్వాలి. చాలాసార్లు ఆ జవాబులోనే "కాలేజీ నుంచి హార్డ్‌కాపీ అందలేదు" అని బయటపడుతుంది. సంతకం, తేదీతో తీసుకున్న రశీదు అప్పుడు పనికొస్తుంది.

పైవాటిలో ఇమడనివారికి

వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నవారికి కేంద్ర దివ్యాంగ సాధికారత విభాగం పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఉంది. ఆదాయ పరిమితి 2.5 లక్షలు.

ఇంటర్ తర్వాత నేరుగా నాలుగేళ్ల ఐటెప్‌లో (డిగ్రీ, బీఈడీ కలిసిన కోర్సు) చేరేవారు ఇంటర్ బోర్డులో 80వ పర్సెంటైల్ దాటి (అంటే పై 20 శాతం మందిలో ఉండి), ఆదాయం 4.5 లక్షల లోపు ఉంటే అదే పోర్టల్‌లో కళాశాల, విశ్వవిద్యాలయ విద్యార్థులకు కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. డిగ్రీ స్థాయిలో మొదటి మూడేళ్లు ఏటా 12,000. డిప్లొమాలకు, అంటే డీఎల్ఎడ్‌కు ఇది లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో కలిపి తీసుకోవడం కుదరదు, రెండింటిలో ఏది ఎక్కువో లెక్క వేసి ఒకటి ఎంచుకోవాలి.

మేనేజ్‌మెంట్ సీటో, ఆదాయం పరిమితి దాటిందో అయితే మిగిలింది విద్యా రుణం. బ్యాంకుల సంఘం నమూనా పథకంలో 4 లక్షల వరకు పూచీకత్తు ఆస్తి అడగరు, మార్జిన్ (మన చేతి నుంచి పెట్టాల్సిన వాటా) కూడా ఉండదు. బీఈడీ ఫీజు ఆ లోపే తేలుతుంది. కాలేజీ ఎన్‌సీటీఈ గుర్తింపు ఉత్తర్వు, అడ్మిషన్ పత్రం, రెండేళ్ల ఫీజు వివరం కాలేజీ లెటర్‌హెడ్ మీద తీసుకెళ్లాలి. కాలేజీ నోటితో చెప్పిన మొత్తం కాకుండా ప్రభుత్వం ఖరారు చేసిన ఫీజునే బ్యాంకు లెక్కలోకి తీసుకుంటుందని ముందే అనుకోండి. పైన అడిగే డబ్బుకు రశీదు ఇవ్వరు, రశీదు లేనిదానికి రుణం లేదు. వాయిదాలు కోర్సు అయ్యాక మరో ఏడాదికి మొదలవుతాయి, కానీ వడ్డీ మొదటి రోజు నుంచే లెక్కలో ఉంటుంది. చదువుకునే కాలంలో ఆ వడ్డీని నెలనెలా కట్టేస్తే అసలు పెరగదు. 50 వేలకు నెలవారీ వడ్డీ కొన్ని వందల్లోనే ఉంటుంది. ఒకటి రెండు ట్యూషన్లు చెప్పుకునే విద్యార్థి దాన్ని కట్టుకోగలడు. ఉద్యోగం వచ్చాక పాత పన్ను విధానంలో ఉంటే, కట్టిన వడ్డీకి ఎనిమిదేళ్ల దాకా ఆదాయపు పన్ను మినహాయింపు ఉంది.

వీటిలో ఏది వచ్చినా రికార్డులు, బోధనోపకరణాలు, ఇంటర్న్‌షిప్ బడికి వెళ్లిరావడానికి అయ్యే బస్సు ఛార్జీలు చేతి నుంచే పడతాయి. రెండో ఏడాది మొదట్లో ఆ ఖర్చంతా ఒక్కసారి మీద పడుతుంది కాబట్టి, మొదటి ఏడాదిలో ఏ డబ్బు వచ్చినా కొంత పక్కన పెట్టుకోండి. రికార్డులు ఇంకొకరి చేత రాయించడానికి ఇచ్చే డబ్బు మాత్రం పూర్తిగా వృథా. వైవాలో అడిగేది అందులోంచే.